టీవీలో ఇన్వెస్టర్ల ముందు సీటు ఇప్పిస్తామనే ప్యాకేజీలు: తిరుపతి, చిత్తూరు చిన్న వ్యాపారులకు జాగ్రత్త

అన్నలకు, అక్కలకు నమస్కారం.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు, పుత్తూరు, నగరి పవర్‌లూమ్ వాళ్ళు, దామలచెరువు చుట్టుపక్కల తాండ్ర, పల్ప్ చేసేవాళ్ళు, పలమనేరు మట్టిబొమ్మల వాళ్ళు... వీళ్ళ ఫోన్లకు ఒకే రకం ఆఫర్ తిరుగుతోంది. "టీవీ షోలో ఇన్వెస్టర్ల ముందు మీ వ్యాపారం పిచ్ (వివరించి పెట్టుబడి అడగడం) చేయిస్తాం, సీటు గ్యారంటీ, ప్యాకేజీ తీసుకోండి" అని. కొన్నవాళ్ళకు సీటూ రాలేదు, దుడ్లూ తిరిగి రాలేదు. అమ్మేవాళ్ళ పేరు రాసి లాభం లేదు. ఇవాళ ఒక బోర్డు, సంక్రాంతికి ఇంకో బోర్డు. పద్ధతి తెలుసుకుంటే ఎవరు వచ్చినా పట్టుకోవచ్చు.

మొదట సీటు సంగతి. ఇలాంటి షోల్లో పేరున్న షార్క్ ట్యాంక్ ఇండియాకు దరఖాస్తు సోనీ వాళ్ళ యాప్ సోనీలివ్‌లోనే పెట్టుకోవాలి, దానికి రుసుము లేదు. 2021 డిసెంబరులో మొదలైన మొదటి సీజన్‌కు సుమారు 62,000 దరఖాస్తులు వస్తే తెర మీదికి వచ్చినవి 198 వ్యాపారాలు, ఒప్పందం దాకా వెళ్ళినవి 67. లెక్క వేసుకుంటే 313 మందిలో ఒకరికి కెమెరా ముందు నిలబడే అవకాశం. ఆ ఒకరు ఎవరో తేల్చేది షో తీసేవాళ్ళు. తిరుపతిలో ఆఫీసు పెట్టుకున్న కన్సల్టెంటు దానికి గ్యారంటీ ఇస్తున్నాడంటే, తనది కాని సరుకును అమ్ముతున్నాడనే.

ప్యాకేజీ ఒక్కసారిగా అడగరు. ముందు "రిజిస్ట్రేషన్" అని చిన్న మొత్తం. ఆ తర్వాత పిచ్ డెక్ (వ్యాపారం గురించి చూపించే స్లైడ్లు), ఆ పైన మాక్ ప్యానెల్ (ఉత్తుత్తి ఇన్వెస్టర్ల ముందు రిహార్సల్), చివర్లో "ఛానెల్ కోఆర్డినేషన్". ఏ విడతా పోట్లాడేంత పెద్దది కాదు, అక్కడే కిటుకు. నాలుగో విడత కట్టేసరికి వదిలేస్తే ముందు కట్టింది పోతుందనే భయం పట్టుకుంటుంది. అంతా అయ్యాక వాళ్ళు చేసిపెట్టేది మీ పేరు మీద ఆ ఉచిత దరఖాస్తు నింపడమే. లేదంటే ఏదో హోటల్ హాల్లో బ్యానర్ కట్టి, ఐదు కుర్చీలు వేసి, మూడు కెమెరాలు పెట్టి "షూటింగ్" చేస్తారు. అది యూట్యూబ్‌లోనో, డబ్బిచ్చి కొనుక్కున్న లోకల్ కేబుల్ స్లాట్‌లోనో వస్తుంది. అబద్ధం అనడానికి లేదు, టీవీలో వచ్చిందిగా!

వాళ్ళను అడగాల్సింది ఒక్కటే: ఛానెల్‌తో మీకున్న ఒప్పందం కాపీ చూపించండి. ఛానెల్ సొంత డొమైన్ నుంచి వచ్చిన మెయిల్ అయినా ఉండాలి. జీమెయిల్ నుంచి వచ్చిన "సెలక్షన్ లెటర్", దాని మీద అతికించిన లోగో లెక్కలోకి రావు.

ఫీజు పోతే ఒక సీజన్ లాభం పోయిందనుకోవచ్చు. సంతకం పెట్టిన అగ్రిమెంటు మాత్రం ఏళ్ళ తరబడి వెంటపడుతుంది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద నాలుగు పేజీల ఇంగ్లీషు. చదవకుండా సంతకం పెట్టేది ఎక్కువగా ఇక్కడే. అందులో చూడాల్సిన చోట్లు ఇవి.

సక్సెస్ ఫీజు. "ఏ రూపంలో, ఏ మూలం నుంచి నిధులు వచ్చినా 24 నెలల పాటు 5 శాతం" అని రాసి ఉంటుంది. ఏ రూపంలో అంటే బ్యాంకు లోను కూడా అందులోకే వస్తుంది. ఒక తాండ్ర యూనిట్ పీఎంఎఫ్‌ఎంఈ అనే చిన్న ఆహార యూనిట్ల కేంద్ర పథకం కింద 20 లక్షల ప్రాజెక్టు పెట్టుకుందనుకోండి. ఆ పథకంలో సబ్సిడీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. అంటే ఇక్కడ 7 లక్షలు. దరఖాస్తుకు సాయం చేయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు, ఆ పనికి ప్రభుత్వమే ఆయనకు చెల్లిస్తుంది. కన్సల్టెంటు వేలు కూడా కదపని ఆ 20 లక్షల మీద లక్ష రూపాయలు నాదే అంటాడు, కాగితం ప్రకారం అడగగలడు కూడా. ఒప్పుకోక తప్పదనుకుంటే ఆ వాక్యాన్ని ఇలా మార్పించండి: పేరు పేరునా జాబితాలో రాసిన ఇన్వెస్టర్ల నుంచి, కంపెనీ ఖాతాలో నిజంగా జమైన మొత్తం మీద మాత్రమే, 6 నెలల లోపు. సబ్సిడీ, బ్యాంకు లోను, చుట్టాల అప్పు వర్తించవని విడిగా రాయించాలి. మార్చం అంటే లేచి వచ్చేయడమే.

ఖాళీ చెక్కులు. "సెక్యూరిటీ కోసం రెండు" అంటారు. ఇవ్వొద్దు. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు. అప్పు లేదని నిరూపించుకునే భారం మీ నెత్తినే పడుతుంది.

వాటా. ఫీజు తగ్గిస్తాం, బదులుగా 5 శాతం షేర్లు ఇవ్వండి అంటారు. ఇక్కడ అమెరికా కథ ఒకటి చెబుతారు, అక్కడ షో వాళ్ళే వాటా తీసుకుంటారని. సగం నిజం. అక్కడి షార్క్ ట్యాంక్‌లో తెర మీదికి వచ్చినందుకే 5 శాతం వాటా గానీ, లాభాల్లో 2 శాతం గానీ రాయించుకునే నిబంధన ఒకప్పుడు ఉండేది. ఆ షోలో ఇన్వెస్టరు మార్క్ క్యూబన్ పట్టుబట్టాక 2013లో తీసేశారు. అదీగాక అది షో తీసేవాళ్ళ షరతు, మధ్యవర్తిది కాదు. పైసా పెట్టని మనిషికి 5 శాతం ఉందని తెలిస్తే రేపు నిజమైన ఇన్వెస్టరు మొదటి ప్రశ్న దాని మీదే వేస్తాడు.

బ్రాండు పేరు. ట్రేడ్‌మార్క్ మేమే చేయిస్తాం అని తమ పేరు మీదో, తమవాళ్ళ పేరు మీదో దరఖాస్తు పెడతారు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకు ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. దరఖాస్తుదారు పేరు ఎవరిదో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఇప్పటికే ఎవరి చేతికైనా ఇచ్చి ఉంటే ఈ సాయంత్రమే చూసుకోండి.

ఇక కంపెనీ పెట్టించడం. ప్రొప్రైటర్‌షిప్‌లో షేర్లు ఉండవు, కాబట్టి ఇన్వెస్టరుకు వాటా ఇవ్వాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కావాల్సిందే. ఇంతవరకు వాళ్ళు చెప్పేది నిజం. చెప్పనిది ఏమిటంటే, 15 లక్షల దాకా అధీకృత మూలధనానికి (కంపెనీ ఇవ్వగల షేర్ల మొత్తం విలువకు) రిజిస్ట్రేషన్ రుసుము సున్నా. స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకం, సీఏ ఫీజు అవుతాయి, అంతే. ఇంకా చెప్పనిది, పెట్టాక వచ్చే చాకిరీ. 30 రోజుల్లో ఆడిటర్ నియామకం, 180 రోజుల్లో వ్యాపారం మొదలైందనే ఐఎన్‌సీ-20ఏ, ఏటా లెక్కల ఫారం ఏఓసీ-4, వార్షిక రిటర్ను ఎంజీటీ-7ఏ. ఈ చివరి రెండూ ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. షో రాలేదు కదా అని కంపెనీని అలా వదిలేస్తే ఏడాదికి రెండు ఫారాల మీద 73,000. దాని మీద పై లిమిట్ లేదు. అమ్మకాలు సున్నా అయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. చేతిలో ఇన్వెస్టరు మాట పడేదాకా కంపెనీ పెట్టకపోవడమే మేలు; ఆ మాట వచ్చాక పెట్టుకోవడానికి మంచి సీఏ ఉంటే ఆట్టే రోజులు పట్టదు. డిజిటల్ సంతకం టోకెన్, ఆధార్ ఓటీపీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఆ టోకెన్‌తో మీరే సంతకం పెట్టినట్టు మీ కంపెనీలో డైరెక్టర్లను చేర్చొచ్చు.

పిచ్ డెక్ గురించి రొంత ఎక్కువే చెప్పాలి. వీళ్ళు అమ్మే డెక్ అందరికీ ఒకటే, పేరు, ఫొటోలు మారుస్తారు. తెలిసిన మనిషి ముందు అది ఎక్కడ పడిపోతుందంటే, మార్జిన్ దగ్గర. 200 గ్రాముల తాండ్ర ప్యాకెట్ ఎమ్మార్పీ 120 అనుకుందాం. తయారీకి పల్ప్, చక్కెర, ఎండబెట్టడం, ప్యాకింగ్ కలిపి 52. డెక్‌లో "120 లోంచి 52 పోతే 68, మార్జిన్ 57 శాతం" అని వేస్తారు. అసలు లెక్క వేరు. 120లో కొట్టువాడికి 24, డిస్ట్రిబ్యూటరుకు 10, జీఎస్టీ 5 శాతం అనుకుంటే సుమారు 6. మీ చేతికి వచ్చేది 80. అందులో 52 పోతే 28. లారీ కిరాయి 6, పగిలినవి, తేమ పట్టి తిరిగొచ్చినవి 4 తీసేస్తే 18. అంటే 80 మీద 22 శాతం చిల్లర. ఇన్వెస్టరు అడిగేది ఈ 22నే. నోటికి 57 వచ్చిందా, అక్కడితో సరి.

రెండోది సీజన్. తోతాపురి కాపు రెండు నెలలు, అమ్మకం పన్నెండు నెలలు. కొన్న పల్ప్ డబ్బు డ్రమ్ముల్లో ఇరుక్కుని ఉంటుంది. 2025లో ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది. ముడిసరుకు ధర ఇంతలా ఊగే వ్యాపారంలో ఎంత పల్ప్ ఎప్పుడు కొంటారు, ఎన్నాళ్ళు నిల్వ ఉంచుతారు, ఎవరి దుడ్లతో అనే పేజీ డెక్‌లో లేకపోతే, మిగతా పేజీల్లో "భారత స్నాక్ మార్కెట్ ఇన్ని లక్షల కోట్లు" అని ఎంత రంగులు వేసినా వృథా. ఈ పేజీ మీరే తెలుగులో చెబితే మీ అమ్మాయో అబ్బాయో ఒక పూటలో టైప్ చేస్తారు.

మూడోది పెంచిన అమ్మకాలు. "షో కోసం కదా, 40 లక్షలు అని వేద్దాం" అంటారు. తెర మీద ఒప్పుకున్న డీల్ అక్కడితో అయిపోదు, తర్వాత కాగితాల తనిఖీ ఉంటుంది. జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-3బీ), బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్ను మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎక్కువ డీల్స్ చల్లారేది ఈ దశలోనే. అబద్ధం చెప్పింది కన్సల్టెంటు, మాట పోయేది మీది.

హోటల్ హాల్ షోల్లో ఇంకో అంకం ఉంటుంది. ఒకాయన లేచి "10 లక్షలు, 5 శాతానికి" అంటాడు, చప్పట్లు. అంటే మీ వ్యాపారానికి 2 కోట్లు కట్టాడన్నమాట, ఇంటికెళ్ళి అందరికీ చెప్పుకుంటాం. వారం తర్వాత ఫోను: వాల్యుయేషన్ సర్టిఫికెట్‌కు, ప్రాసెసింగ్‌కు ఇంత పంపండి అని. ఇన్వెస్టరు డబ్బు పెట్టేవాడు. మీ దగ్గర ముందు డబ్బు అడిగేవాడు ఇన్వెస్టరు కాదు. నిజంగా షేర్లకు డబ్బు వస్తే దారి వేరు: కంపెనీ పేరున విడి బ్యాంకు ఖాతాలో పడాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో ఆ కేటాయింపు వివరాల ఫారం పీఏఎస్-3 దాఖలు చేయాలి. అది దాఖలయ్యేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు కూడా. "మేం ఏంజిల్ ఫండ్" అని చెప్పుకుంటే సెబీ (పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ) సైటులో ఏఐఎఫ్‌ల (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల) జాబితాలో పేరు ఉండాలి.

డబ్బు కట్టే ముందు పది నిమిషాల పని: ఇన్వాయిస్ మీద జీఎస్టీ నంబరు చూడండి, 15 అక్షరాలు, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ సైటులో వేస్తే అసలు పేరు, నంబరు బతికుందో లేదో తెలుస్తుంది. నంబరు లేకుండా 18 శాతం జీఎస్టీ వసూలు చేయడం చట్టవిరుద్ధం. కంపెనీ అంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో ఎప్పుడు పుట్టిందో చూడండి. "పదేళ్ళ అనుభవం" అన్నది నిరుడు పుట్టి ఉంటుంది. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) రిజిస్ట్రేషన్‌కు డబ్బు అడిగితే అక్కడే ఆపేయండి, అది పూర్తిగా ఉచితం.

ఇప్పటికే కట్టేసినవాళ్ళకు. యూపీఐలోనో ఆన్‌లైన్‌లోనో పంపి ఉంటే గంటల్లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే వీలుంటుంది. రోజులు గడిచినా ఫిర్యాదు నంబరు మాత్రం తీసుకోండి. చెక్కులు ఇచ్చి ఉంటే బ్యాంకుకు స్టాప్ పేమెంట్ రాతపూర్వకంగా, కారణంతో సహా ఇవ్వండి, అవతలివాళ్ళకు స్పీడ్ పోస్టులో అదే సంగతి పంపండి. స్టాప్ పేమెంట్ ఒక్కటే కేసు రాకుండా ఆపదు. అట్నుంచి నోటీసు వస్తే 15 రోజులు దాటకుండా లాయరుతో జవాబు ఇప్పించాలి, ఊరుకుంటే అదే వాళ్ళకు బలం.

"వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారు" అని వాళ్ళు బెదిరిస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాళ్ళకు మినహాయింపు ఉంది, ఇంటిల్లిపాది చేసుకునే యూనిట్లు అందులోకి వస్తాయని వాదించవచ్చు. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. తేలకపోతే చిత్తూరులోనూ తిరుపతిలోనూ ఉన్న వినియోగదారుల కమిషన్లలో వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. వాట్సాప్ చాట్‌లు, "గ్యారంటీ" అన్న వాయిస్ మెసేజులు, బ్రోచరు, రసీదులు ఫోన్లో నుంచి చెరపకుండా ఇంకోచోట కూడా దాచండి. అగ్రిమెంటు కాపీ మీకు ఇవ్వకపోతే దాన్ని అడుగుతూ మెయిల్ పెట్టండి, ఇవ్వలేదన్నదీ ఒక సాక్ష్యమే. డిజిటల్ సంతకం వాళ్ళ దగ్గరే ఉండిపోతే, జారీ చేసిన సంస్థకు రాసి రద్దు చేయించడం వీటన్నిటికంటే ముందు చేయండి.