వీపీఎన్ సెటప్ అని డబ్బులు తీసుకుని పోర్టులు తెరిచిపెట్టి పోయారు, కెమెరాలు పెట్టించుకునేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో కెమెరాలు పెట్టించుకుని, బయట నుంచి చూసుకోడానికి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీద వేరేవాళ్లు తొంగిచూడలేని రహస్య దారి, కూడా పెట్టించుకుందాం అనుకుంటున్నవాళ్లు డబ్బులిచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి. ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఇంకా ముందు చదవండి.

మా ఇంట్లో ఐదు కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే పెట్టె ఒకటి, దాన్నే ఎన్‌వీఆర్ అంటారు. అమ్మకి వయసైపోయింది, ఒకసారి పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు జారి పడిపోయింది, మేము సాయంత్రం వచ్చేదాకా ఎవరికీ తెలీలేదు, అందుకని హాల్లో ఒకటి అమ్మ గదిలో ఒకటి పెట్టక తప్పలేదు. గదిలో కెమెరా అంటే నాకు మొదట్నించీ భయంగానే ఉంది, అందుకే షాపాయన్ని అడిగిన మొదటి మాటే బయటివాళ్లు ఎవరూ చూడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని. ఆయన వెంటనే వీపీఎన్ రౌటర్ తీసుకోండి సార్, సెటప్ మా కుర్రాడు చేసేస్తాడు, ఇంక మీ ఇంట్లోకి ఎవరూ తొంగి చూడలేరు అన్నాడు. డబ్బా మీద కూడా వీపీఎన్ సపోర్ట్ అని పెద్ద అక్షరాలతో ఉంది. రౌటర్‌కి ఎక్కువ పెట్టాం, సెటప్‌కి విడిగా చార్జి ఇచ్చాం.

కుర్రాడు వచ్చాడు, రెండు గంటలు కూర్చున్నాడు, నా ఫోన్లో ఏదో ఫ్రీ వీపీఎన్ యాప్ వేశాడు, పైన చిన్న తాళంచెవి గుర్తు వచ్చింది. వైఫై ఆపేసి మొబైల్ డేటాలో చూపించాడు, అమ్మ మంచం మీద కూర్చుని మాత్రల డబ్బీలో గడులు లెక్కపెట్టుకుంటోంది, స్పష్టంగా కనపడింది. చాలా సంతోషంగా పంపించాం.

ఏడు వారాల తర్వాత ఒకరోజు బయట ఉన్నప్పుడు ఫోన్ బ్యాటరీ బాగా తగ్గిపోయి పవర్ సేవింగ్‌లోకి వెళ్లింది, నేను మామూలుగానే కెమెరా తెరిచి చూస్తున్నా, చూస్తుంటే పైన తాళంచెవి గుర్తు లేదు. వీపీఎన్ ఆగిపోయింది. కానీ వీడియో ఆగలేదు, హాయిగా నడుస్తోంది. అప్పుడు నాకు ఒళ్లు చల్లబడిపోయింది, ఎందుకంటే వీపీఎన్ లేకుండా బయట నుంచి నాకు తెరుచుకుందంటే ఇంకెవరికైనా తెరుచుకుంటుంది కదా.

ఇంటికొచ్చి రౌటర్ పేజీ తెరిచి చూస్తే పోర్ట్ ఫార్వర్డింగ్‌లో మూడు లైన్లు ఉన్నాయి. పోర్టు అంటే నంబరున్న తలుపు లాంటిది, ఫార్వర్డింగ్ అంటే బయట నుంచి ఆ తలుపు కొట్టినవాళ్లని నేరుగా ఇంట్లోని పరికరం దగ్గరికి పంపడం. 80, అంటే ఎన్‌వీఆర్ వెబ్ పేజీ. 554, అంటే వీడియో స్ట్రీమ్ వచ్చే ఆర్‌టీఎస్‌పీ పోర్టు. మూడోది ఎన్‌వీఆర్ మొబైల్ యాప్ వాడే పోర్టు. మూడూ ఇంటర్నెట్‌లో ఎవరికైనా తగిలేలా బార్లా తెరిచి ఉన్నాయి. ఎన్‌వీఆర్ పాస్‌వర్డ్ ఏంటంటే అడ్మిన్ పక్కన 12345 లాంటిది, ఆ కుర్రాడే పెట్టాడు, మార్చుకోండి అని ఒక్క మాట చెప్పలేదు. లాగ్స్ తీసి చూస్తే లాగిన్ ఫెయిల్, లాగిన్ ఫెయిల్, లాగిన్ ఫెయిల్, పేజీలకి పేజీలు, ఎక్కడెక్కడి ఐపీ అడ్రస్‌లో. వాటి మధ్యలో ఒక్కటి, రాత్రి 2 గంటల 40 నిమిషాలకి, లాగిన్ సక్సెస్ అని ఉంది. ఆ టైమ్‌లో మేమందరం నిద్రపోతున్నాం, ఆ ఐపీ మాది కాదు. ఆ లైన్ ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోవట్లేదు.

అసలు మోసం ఎక్కడుందో చెప్తా, ఇదొక్కటీ అర్థమైతే మిమ్మల్ని ఎవరూ బురిడీ కొట్టించలేరు. వీపీఎన్ అనే మాట మూడు వేరువేరు విషయాలకి వాడుతున్నారు. ఫోన్లో వేసుకునే వీపీఎన్ సర్వీసులు మీ ట్రాఫిక్‌ని ఎక్కడో ఉన్న వాళ్ల సర్వర్ దాకా దాచిపెట్టి తీసుకెళ్తాయి అంతే, అక్కడ్నించి మా ఇంటిదాకా మామూలు ఇంటర్నెట్టే, మా ఇంటి తలుపుకి దానికీ ఏ సంబంధం లేదు. రౌటర్ డబ్బా మీద వీపీఎన్ అని ఉంటే అది చాలాసార్లు పాస్‌త్రూ, అంటే ఇంట్లోంచి మీరు ఆఫీసు వీపీఎన్‌కి వెళ్తే అడ్డుపడదు అని మాత్రమే, లేదా వీపీఎన్ క్లయింట్, అంటే రౌటరే బయట ఇంకో సర్వీసుకి కనెక్ట్ అవుతుంది. మనకి కావాల్సింది ఈ రెండూ కాదు, వీపీఎన్ సర్వర్. అది ఇంట్లో ఉండి, తాళం ఉన్న మన ఫోన్‌ని మాత్రమే లోపలికి రానిస్తుంది, ఆ తర్వాత ఫోన్ ఇంటి వైఫైలో ఉన్నట్టే ఎన్‌వీఆర్ లోపలి అడ్రస్‌తోనే తెరుచుకుంటుంది. నేను కొన్న రౌటర్‌లో పాస్‌త్రూ ఉంది, క్లయింట్ ఉంది, సర్వర్ లేదు. అంటే ఆ కుర్రాడు చేద్దామన్నా చెయ్యలేడు, అది తెలిసీ షాపాయన అమ్మాడు.

పోర్టు తెరిస్తే ఏమవుతుందిలే అని తేలిగ్గా తీసుకోకండి దయచేసి. షోడాన్ లాంటి సెర్చ్ ఇంజన్లు ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పరికరాల్ని వెతికి లిస్టు పెట్టేస్తాయి, మీ ఇల్లు ఎవరికో తెలియాల్సిన అవసరమే లేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలాగే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలూ డీవీఆర్‌లూ రౌటర్లలోకి దూరి, ఆ అక్టోబర్‌లో డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (సైట్ల పేర్లని బట్టి వాటి అడ్రస్‌లు చెప్పే కంపెనీ) మీద దాడికి వాటిని వాడుకుంది, పెద్దపెద్ద సైట్లే పడిపోయాయి. ఆ కెమెరాల ఓనర్లలో ఎంతమందికి తెలిసుంటుంది తమ ఇంట్లోది కూడా అందులో ఉందని.

కొనేటప్పుడు వీపీఎన్ ఉందా అని అడగొద్దు, అందరూ ఉందనే అంటారు. వైర్‌గార్డ్ సర్వర్ గానీ ఓపెన్‌వీపీఎన్ సర్వర్ గానీ ఉందా, సెట్టింగ్స్‌లో ఆ పేజీ చూపించు అని అడగండి. ఆ రెండూ వీపీఎన్ నడిపే పద్ధతుల పేర్లు. పీపీటీపీ మాత్రమే ఉంది అంటే వద్దు, అది పాతకాలంది, దాని లాక్ ఎప్పుడో విరిగిపోయింది. తక్కువ రకం రౌటర్లలో ఓపెన్‌వీపీఎన్ ఉన్నా ప్రాసెసర్ సరిపోక వీడియో ముక్కలుముక్కలుగా వస్తుంది, వైర్‌గార్డ్ తేలిక. ఇంకో మంచి విషయం ఏంటంటే వైర్‌గార్డ్‌కి సరైన కీ లేకుండా ఎవరు తలుపు కొట్టినా అది అసలు జవాబే ఇవ్వదు, బయట నుంచి వెతికేవాళ్లకి అక్కడ ఏదో ఉందని కూడా తెలీదు.

ఇంకో దెబ్బ మా తమ్ముడి దగ్గర తగిలింది. వాడు నా కథ విని మంచి రౌటరే కొన్నాడు, సర్వర్ ఉంది, అంతా కరెక్టుగా పెట్టాడు, అయినా బయట నుంచి కనెక్ట్ అవ్వదు. మూడు రోజులు కొట్టుకుని చివరికి చూస్తే వాళ్ల ఇంటర్నెట్ సీజీనాట్ వెనక ఉంది, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతున్నారు, బయట నుంచి వచ్చేది మన రౌటర్ దాకా చేరదు. కొనకముందే చూసుకోవచ్చు, రౌటర్‌లో వాన్ ఐపీ, అంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లు రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అదే. కొందరికి 10తో మొదలయ్యే ప్రైవేట్ ఐపీ కూడా వస్తుంది, బయట సైట్లలో కనపడే ఐపీతో రౌటర్‌లోది కలవకపోయినా అనుమానించాల్సిందే. అప్పుడు కనెక్షన్ ఇచ్చినవాళ్లని పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా టెయిల్‌స్కేల్ లాంటిది, అంటే ఫోన్‌నీ ఇంటినీ బయటి సర్వర్ సాయంతో కలిపే వీపీఎన్, వాడుకోవాలి, తమ్ముడు అదే పెట్టుకున్నాడు, పోర్టు ఒక్కటి కూడా తెరవక్కర్లేదు.

నేనేం చేశానంటే ముందు ఆ మూడు లైన్లూ తీసేశా, యూపీఎన్‌పీ ఆపేశా, లేకపోతే ఎన్‌వీఆర్ తనంతట తనే పోర్టులు తెరుచుకోగలదు. ఎవరు లోపలికి వచ్చి ఏం మార్చారో తెలీదు కాబట్టి ఎన్‌వీఆర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కొత్త ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) వేసి, పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టా. మూలన పడున్న రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద వైర్‌గార్డ్ పెట్టి, దానికోసం ఒక్క యూడీపీ పోర్టు మాత్రమే ఫార్వర్డ్ చేశా. ఒక్కో ఫోన్‌కి వేరే కీ ఇచ్చా, ఎవరి ఫోన్ అయినా పోతే ఆ ఒక్కటి తీసేస్తే చాలు. ఒక చిన్న చిక్కు, ఇంటి నెట్‌వర్క్ అడ్రస్‌లు 192.168.1తో మొదలైతే మీరు వెళ్లిన చోట వైఫై కూడా అదే అయ్యే ఛాన్స్ ఎక్కువ, అప్పుడు వీపీఎన్ కనెక్ట్ అయినా కెమెరా దొరక్కపోవచ్చు, అందుకని ఇంట్లో ఆ నంబర్ మార్చేసుకోండి.

సెటప్ చేసినవాడు ఇంట్లోంచి వెళ్లకముందే, డబ్బులివ్వకముందే ఈ పని చెయ్యండి. ఫోన్లో వైఫై ఆపండి, వీపీఎన్ కూడా ఆపండి, మొబైల్ డేటాలో కెమెరా తెరవండి. తెరుచుకోకూడదు. తర్వాత వీపీఎన్ ఆన్ చెయ్యండి, ఇప్పుడు తెరుచుకోవాలి. మొదటిసారే తెరుచుకుంటే అతను మీకు పెట్టింది ఇంటి వీపీఎన్ కాదు, పోర్టులన్నా తెరిచాడు లేదా కంపెనీ క్లౌడ్ మీద నడిపిస్తున్నాడు, రెంట్లో ఏదో అతనితోనే చెప్పించండి.

షాపాయన్ని అడిగితే సీల్ తీసిన రౌటర్ వెనక్కి తీసుకోం అన్నాడు, సెటప్ చార్జి మాట ఎత్తితే కెమెరా కనపడుతోంది కదా సార్ ఇంకేంటి ప్రాబ్లమ్ అన్నాడు. ఆ కుర్రాడు మాత్రం ఫోన్లో నాతో నిజం చెప్పాడు, నాకు ఇలాగే నేర్పించారు సార్, అన్ని ఇళ్లలో ఇలాగే పెడతాం అని. ఆ షాపులోనే పెట్టించుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లు నలుగురున్నారు, నలుగురికీ ఫోన్ చేసి పైన చెప్పిన టెస్ట్ చేయించా. ముగ్గురివి తెరుచుకున్నాయి. అందులో ఒకరింట్లో ఉయ్యాల పైనే ఉంది కెమెరా.