అలమాన్స్ మిల్లు ఊళ్లు: గ్లెంకోకి వెళ్లండి, రాత్రి బస వద్దు

క్యారీ, మోరిస్‌విల్ వైపు ఉండే మనవాళ్లకు నార్త్ కరొలైనాలోని అలమాన్స్ కౌంటీ గంట దూరం. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. బర్లింగ్టన్ దగ్గర మేం దిగిన హైవే పక్క లాడ్జిలో గది 89 డాలర్లన్నారు. తీరా బిల్లులో పన్ను కాక మరో 18 డాలర్ల "సౌకర్యాల రుసుం" వేశారు. అది ఈతకొలనుకట, ఆ కొలనుకేమో తాళం! బుకింగులో దాని ఊసే లేదు. మాతో వచ్చిన మావయ్యగారు పొద్దున టిఫిన్ కూడా ముట్టుకోలేదు.

ఆయన మొహం విప్పారింది గ్లెంకో అనే పాత బట్టల మిల్లు ఊళ్లోనే. చీరాల మనిషి, నేత తెలిసినవారు. హా నది ఒడ్డున 1880లో హోల్ట్ సోదరులు మొదలుపెట్టిన మిల్లు ఇది, 1954లో మూతపడింది. కంపెనీ కొట్టూ ఆఫీసూ ఉన్న భవనమే ఇప్పుడు మ్యూజియం. రోజూ తెరవరు, వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ముందు నది దగ్గరికి వెళ్లండి. ఆనకట్ట నుంచి కాలువ, కాలువ నుంచి టర్బైను (నీటి తాకిడికి తిరిగే చక్రం), అక్కణ్ణుంచి ఇరుసులూ తోలు బెల్టులూ: మిల్లు నడిచింది ఇలాగే. ఎండాకాలం నీళ్లు చాలక మగ్గాలు ఆగేవంటే సరే, ఇలాంటి మిల్లులకు వరదా శత్రువే. దిగువన మట్టం పెరిగితే నీరు పడే ఎత్తు తగ్గి టర్బైనుకు బలం చాలదు.

ఈ కుటుంబానికి పేరు తెచ్చినవి గళ్ల బట్టలు. వీళ్ల తండ్రి ఎడ్విన్ హోల్ట్ 1837లో అలమాన్స్ క్రీక్ మీద మిల్లు పెట్టాడు. 1853లో ఒక ఫ్రెంచి అద్దకపువాడు 100 డాలర్లూ భోజనమూ ఇస్తే రంగు వేయడం నేర్పుతానన్నాడు. పందుల కోసం దుంపలు ఉడకేసే 80 గ్యాలన్ల రాగి బానలో, కొట్లో అమ్మకానికున్న ఇనుప కాగులో నూలు అద్దారు. రంగు నూలుని పడుగులోనూ (నిలువు పోగులు) పేకలోనూ (అడ్డపోగులు) వరస తప్పకుండా పెడితేనే గడి కుదురుతుంది. ఒక్క పోగు తేడా వచ్చినా కుట్టేటప్పుడు గళ్లు కలవవు. గ్లెంకో మ్యూజియంలో గళ్ల గుడ్డ దగ్గర మావయ్యగారు పోగులు లెక్కపెడుతూ నిలబడిపోయారు.

గ్లెంకో వీధుల్లో ఇంకో చరిత్ర కూడా ఉంది. ఎడ్విన్ హోల్ట్ బానిసల యజమాని. దక్షిణాది మిల్లుల్లో వడికే, నేసే పనుల్లోకి నల్లవాళ్లను 1964 పౌరహక్కుల చట్టం దాకా దాదాపుగా రానివ్వలేదు. ఇది తెలుసుకోకుండా అక్కడి మిల్లు పనివాళ్ల ఇళ్లు చూడొద్దు. 1997 తర్వాత బాగుచేసి అమ్మిన ఆ ఇళ్లలో ఇప్పుడు జనం ఉంటున్నారు, పెరళ్లలోకి వెళ్లకండి.

ఇదే కౌంటీలోని మరో మిల్లు ఊరు సాక్సపహా. అక్కడి మిల్లు ఫ్లాట్లయింది, అద్దకపు షెడ్డు సంగీతశాల అయింది. యంత్రాల కోసమైతే అక్కడికి వెళ్లక్కర్లేదు. తిండికి మాత్రం వెళ్లండి: మనిషికి 16 డాలర్లయింది, శాకాహారం దొరుకుతుంది.