పైసీరియల్: మైక్రోకంట్రోలర్‌కు డేటా పంపే పైథాన్ లైబ్రరీ

యూఎస్‌బీ ద్వారా కలిపిన మైక్రోకంట్రోలర్ (చిప్ రూపంలోని చిన్న కంప్యూటర్) బోర్డుకు పైథాన్ నుంచి డేటా పంపడానికి నేను ఆధారపడేది పైసీరియల్ లైబ్రరీ మీదే. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పోర్టు పేరు ఒక్కటి మారిస్తే అదే ప్రోగ్రాం పనిచేయడం దీని పెద్ద బలం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పైసీరియల్ అని, ఇంపోర్ట్ చేసేటప్పుడు మాత్రం సీరియల్ అని రాయాలి; ఆ రెండో పేరుతో వేరే ప్యాకేజీ కూడా ఉన్నందువల్ల కొత్తవారు పొరబడే అవకాశం ఉంది.

డేటా పంపే రైట్ (write) ఫంక్షన్ బైట్లనే తీసుకుంటుంది. పైథాన్ 3లో మామూలు స్ట్రింగ్ ఇస్తే టైప్ ఎర్రర్ వస్తుంది కనుక ముందుగా ఎన్‌కోడ్ చేయాలి, అంటే బైట్లుగా మార్చాలి. ఈ కచ్చితత్వం మొదట విసుగు కలిగించినా, 200 అనే విలువ ఒకే బైటుగా వెళ్లాలా, మూడు అక్షరాలుగా వెళ్లాలా అన్నది మనమే తేల్చుకునేలా చేస్తుంది కాబట్టి నాకు నచ్చింది.

నన్ను తిప్పలు పెట్టిన విషయం వేరు. పోర్టు తెరవగానే నా బోర్డు రీసెట్ అయ్యేది. బోర్డు మొదలవగానే ముందుగా నడిచే బూట్‌లోడర్ పని ముగిసేలోపు పంపిన మొదటి ఆదేశం ప్రోగ్రాంకు చేరేది కాదు, ఎల్‌ఈడీ వెలిగేది కాదు. పోర్టు తెరిచాక 2 సెకన్లు ఆగి పంపడంతో ఆ సమస్య తీరింది. బోర్డు నుంచి సిద్ధమన్న సందేశం వచ్చాకే పంపడం ఇంకా మేలు.

115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) వేగంలో, ఒక్కో బైటుకు మామూలుగా 10 బిట్లు పడతాయి కాబట్టి, సెకనుకు గరిష్ఠంగా 11,520 బైట్లు వెళ్తాయి. సర్వో మోటార్లను నడపడానికి అది ధారాళంగా సరిపోతుంది. అయితే టైమ్‌అవుట్ (ఎంతసేపు ఎదురుచూడాలన్న పరిమితి) ఇవ్వకపోతే, అడిగినన్ని బైట్లు వచ్చేదాకా రీడ్ ఫంక్షన్ కదలదు. డిఫాల్ట్‌గా ఇలా ఉంచడం మాత్రం నాకు సమంజసంగా అనిపించలేదు.