తుంగభద్ర నీటితో మూడేళ్లు: నీటిని పట్టుకునే మెంబ్రేన్ ఎలా పనిచేసింది

కర్నూలులో మా మిద్దె మీది ట్యాంకు కింద యు.ఎఫ్. (అల్ట్రాఫిల్ట్రేషన్, అంటే అతి సన్నని రంధ్రాలున్న మెంబ్రేన్ అనే పొరతో నీటిని వడగట్టే) ఫిల్టరు బిగించి ఐదేళ్లు దాటింది. మొదటి రెండేళ్లు ఏ మార్పూ చేయని పి.వి.డి.ఎఫ్. అనే, నీటిని అంటనివ్వని ప్లాస్టిక్ గొట్టాల కాట్రిడ్జి వాడాను. ఆ తరువాత మూడేళ్లుగా, తయారీలోనే పి.వి.పి. అనే, నీటిని ఇష్టపడే పాలిమర్ కలిపిన పాలీఈథర్ సల్ఫోన్ అనే ప్లాస్టిక్ గొట్టాల కాట్రిడ్జి వాడుతున్నాను. రెండింటికీ అందింది తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి వచ్చే నీరే కాబట్టి, తేడాను నమ్మకంగా చెప్పగలను.

వానాకాలంలో ఎర్రనీళ్లు మొదలైతే ఏ మెంబ్రేనైనా మూసుకుపోతుంది. తేడా కడిగిన తరువాత తెలుస్తుంది. 20 లీటర్ల క్యాను నిండడానికి పాతదానికి కొత్తలో 7 నిమిషాలు పట్టేది, ఎర్రనీళ్లు వచ్చిన పది రోజులకు 18 నిమిషాలయింది, బ్యాక్‌వాష్ (నీటిని ఎదురు దిశలో పంపి కడగడం) చేశాక కూడా 13 దగ్గరే ఆగిపోయింది. రెండోది కొత్తలో 8 నిమిషాలు తీసుకుని, ఎర్రనీళ్లలో 15 వరకు వెళ్లినా, కడగగానే తిరిగి 9కి వచ్చేది. పి.వి.పి. లాంటి నీటిని ఇష్టపడే పాలిమర్ తన మీద పలుచని నీటి పొరను గట్టిగా పట్టుకుంటుంది. నీటిలోని సేంద్రియ పదార్థం మెంబ్రేన్‌కు అంటాలంటే ముందు ఆ నీటిని తొలగించాలి కాబట్టి, జిడ్డు పైపైనే ఆగి, ఎదురు ధారకు ఊడివస్తుంది.

మరో మేలు ఊరికి వెళ్లివచ్చినప్పుడు తెలిసింది. పాత కాట్రిడ్జి ఒకసారి పూర్తిగా ఎండిపోతే, స్పిరిట్‌తో తడిపితే తప్ప దానిలో చుక్క దిగలేదు. కొత్తదాన్ని నీటిలో నానబెడితే చాలు.

నా తప్పు ఒకటి చెప్పాలి. రెండో ఏడు, అమ్మిన దుకాణదారు మాట విని, బ్లీచింగ్ ద్రావణం గాఢంగా కలిపి రాత్రంతా ఉంచాను. మరుసటి రోజు ధార మునుపటికంటే పెరిగింది, నేను మురిసిపోయాను. నిజానికి బ్లీచింగ్ ద్రావణంలోని హైపోక్లోరైట్ పి.వి.పి.ని తునకలు చేసి కడిగేయడం వల్ల రంధ్రాలు వదులయ్యాయి, ధార అందుకే పెరిగింది. నెల తిరగకముందే మునుపెన్నడూ లేనంత త్వరగా మూసుకుపోసాగింది. చివరికి ఆ కాట్రిడ్జిని తీసేసి కోసి, రెండు గొట్టాలు ఆరబెట్టి పక్కపక్కన పెట్టి నీటిబొట్టు వేసి చూశాను. బ్లీచింగ్‌లో ఉంచిన గొట్టం మీద బొట్టు పరుచుకోకుండా ఉబ్బుగా నిలిచింది. అదే రకం కొత్త కాట్రిడ్జి గొట్టం మీద వేసిన బొట్టు వెంటనే పరుచుకుని ఇంకిపోయింది. ఇప్పుడు కాట్రిడ్జితో వచ్చిన కాగితంలో చెప్పిన మోతాదు, సమయం దాటను.

సున్నపు పొలుసు విషయంలో మాత్రం నీటిని పట్టుకునే ఈ గుణం అంతగా ఉపయోగపడలేదు. ఎండాకాలంలో మున్సిపల్ నీరు చాలక బోరు నీరు కలిపిన రోజుల్లో గొట్టాలకు తెల్లని పూత పట్టింది. దానికి బ్యాక్‌వాష్ పనిచేయలేదు, నిమ్మఉప్పు ద్రావణంలో నానబెడితేనే వదిలింది. పైగా యు.ఎఫ్. రంధ్రాలు ఎంత చిన్నవైనా, నీటిలో కరిగిన లవణాలను, ఫ్లోరైడ్‌ను ఆపలేవు. ఈ సంగతి అమ్మేవారు అడిగితే తప్ప చెప్పరు.

ధర మామూలుదాని కంటే దాదాపు సగం ఎక్కువ. మా ఇంట్లో వానాకాలమే పెద్ద సమస్య కాబట్టి నాకది అనవసరపు ఖర్చు అనిపించలేదు. పూర్తిగా బోరు నీటి మీద ఆధారపడినవారు మాత్రం కొనేముందు ఒకసారి ఆలోచించుకోవాలి. నేను ఈ వేసవి నుంచి బోరు పైపును ఫిల్టరు నుంచి విడదీసి, గిన్నెలు తోమడానికి, మొక్కలకు మళ్లించాను.