గృహ విజ్ఞాన డిగ్రీ: వంటగదికన్నా కుటుంబ పాఠాలే ముఖ్యం

గృహ విజ్ఞానంలో డిగ్రీ అనగానే వంటా కుట్టూ నేర్పే చదువేనని చాలామంది అనుకుంటారు. ఆ కోర్సు పూర్తిచేసిన నా అనుభవంలో వంటకు దక్కిన చోటు చాలా చిన్నది, ఆ కొద్దిపాటి వంట కూడా ఆహార రసాయన శాస్త్రంలో భాగంగానే వచ్చింది. పోషణ, వస్త్ర శాస్త్రం, శిశు వికాసం, గృహ నిర్వహణ, కుటుంబ అధ్యయనం అనే విభాగాలున్న ఈ కోర్సులో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు, చివరి రెండు విభాగాలను ఆ కళాశాల ఎంత శ్రద్ధగా బోధిస్తుందో చూసి నిర్ణయం తీసుకోవాలని నా అభిప్రాయం.

పోషణ తరగతులు పటిష్ఠంగా సాగాయి. గ్రాము పిండిపదార్థంలోనూ మాంసకృత్తుల్లోనూ సుమారు 4 కిలోకేలరీలు, కొవ్వులో 9 ఉంటాయన్న ప్రాథమిక లెక్కతో మొదలుపెట్టి, ఒక వ్యక్తి గడచిన 24 గంటల్లో తిన్నదంతా ఓపికగా అడిగి రాసుకొని, పోషక విలువల పట్టికతో సరిచూసి, లోటు ఎక్కడుందో చెప్పగలిగే స్థాయికి మమ్మల్ని తీసుకెళ్లారు. వస్త్ర ప్రయోగశాల కూడా బాగుంది. నూలుపోగు కాలితే కాగితం వాసన, ఉన్ని కాలితే వెంట్రుకల వాసన వస్తాయనీ, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుందనీ స్వయంగా చేసి చూశాం.

నా దృష్టిని మార్చినది గృహ నిర్వహణ. ఇంటి పనిని పనిగా లెక్కించడానికి ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లో ఇచ్చిన కొలబద్ద చాలా సూటిగా ఉంటుంది: ఇంట్లో ఒకరు చేసే పనిని డబ్బిచ్చి మరొకరిచేత చేయించుకోగలిగితే అది ఉత్పత్తే. మీ బదులు మరొకరు నిద్రపోలేరు కాబట్టి నిద్ర ఉత్పత్తి కాదు. పిల్లలకు స్నానం చేయించడం, బట్టలుతకడం, పద్దులు రాయడం మాత్రం ఉత్పత్తే. ఈ పాఠం తర్వాత మా ఇళ్లలో ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో గంటలవారీగా నమోదు చేయమన్నారు. కోర్సు మొత్తంలో ఇంతకన్నా విలువైన అభ్యాసం నాకు కనబడలేదు. మా తరగతిలో దాదాపు అందరూ అమ్మాయిలే కావడం నాకు ఇప్పటికీ వెలితిగా తోస్తుంది, ఎందుకంటే ఆ పట్టిక నింపవలసిన అవసరం అబ్బాయిలకు ఇంకా ఎక్కువ. వాస్తుశిల్పి మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ 1926లో రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది గురించిన చర్చ కూడా ఇక్కడే జరిగింది. వంటచేసేటప్పుడు వేసే అడుగులను లెక్కగట్టి శ్రమను తగ్గించిన ఆ ఇరుకైన గది, పనిచేసే స్త్రీని మిగతా ఇంటినుంచి వేరుచేసిందన్న విమర్శను కూడా అధ్యాపకురాలు మా ముందుంచి, నిర్ణయాన్ని మాకే వదిలేశారు.

శిశు వికాసంలో పరిశీలన రాయడం నేర్పిన తీరు మెచ్చదగినది. అనుబంధ శిశు విద్యాలయంలో కూర్చుని ‘అల్లరి పిల్లాడు’ అని రాస్తే మార్కులు పోయేవి. ‘పక్క పిల్ల చేతిలోని బొమ్మను లాక్కున్నాడు’ అని కళ్లతో చూసిందే రాయాలి. ఈ శాస్త్రం తన గతాన్ని దాచకపోవడం కూడా నాకు నచ్చింది. 1920 ప్రాంతంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో అనాథ శిశువులను తెచ్చి, విద్యార్థినులు వంతులవారీగా పెంచుతూ మాతృత్వాన్ని సాధన చేసేవారు. తల్లికి దూరమైన పిల్లల మానసిక ఆరోగ్యం దెబ్బతింటుందని మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికను దాని పక్కన పెట్టి చదివించినప్పుడు, మంచి ఉద్దేశంతో చేసిన పనిని కూడా ప్రశ్నించాలని అర్థమైంది.

కుటుంబ అధ్యయనం దగ్గరే నాకు అసంతృప్తి మిగిలింది. విషయంలో లోపమేమీ లేదు. యుద్ధకాలంలో విడిపోయి తిరిగి కలిసిన కుటుంబాలను పరిశీలించి సామాజిక శాస్త్రవేత్త రూబెన్ హిల్ 1949లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఒక కష్టం సంక్షోభంగా మారడానికి ఆ సంఘటన ఒక్కటే కారణం కాదు. ఆ కుటుంబానికున్న ఆసరాలు, వారు ఆ సంఘటనను అర్థం చేసుకున్న తీరు కూడా కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఉద్యోగం పోవడం ఒక ఇంటిని కుదిపేస్తే, మరో ఇల్లు ఎలా తట్టుకుంటుందో చెప్పే ఇలాంటి సిద్ధాంతాన్ని మాకు నోట్సు చెప్పి రాయించి, పరీక్షలో భాగాల పేర్లు మాత్రం అడిగారు. పోషణకూ వస్త్రాలకూ ప్రయోగశాలలుండగా, కుటుంబానికి సంబంధించి ఒక్క ఇంటర్వ్యూ గానీ, ఒక కుటుంబ వృత్తాంతంపై చర్చ గానీ లేకపోయింది. పెళ్లి నుంచి పిల్లల పెంపకం మీదుగా వృద్ధాప్యం వరకు సాగే కుటుంబ జీవన చక్రంలో ఎవెలిన్ డువాల్ చెప్పిన 8 దశలనూ అలాగే బోధించారు. పిల్లలు లేని దంపతులు, విడిపోయినవారు, ఒంటరి తల్లిదండ్రులు ఆ వరుసలో ఎక్కడ ఇముడుతారన్న ప్రశ్న తరగతిలో రానే లేదు.

అందుచేత ప్రవేశానికి ముందు కుటుంబ అధ్యయనానికి క్షేత్రపని ఉందా, శిశు విద్యాలయం కళాశాల ఆవరణలోనే నడుస్తోందా అని తప్పక అడగాలి. పోషకాహార నిపుణులుగానో కుటుంబ సలహాదారులుగానో పనిచేయదలచినవారికి సాధారణంగా ఈ డిగ్రీ ఒక్కటే సరిపోదు, ఆపైన ప్రత్యేక శిక్షణ కావాలి. ఆ పైచదువుకు ఈ కోర్సు అర్హత ఇస్తుందో లేదో కళాశాలనుంచి రాతపూర్వకంగా తెలుసుకున్న తర్వాతే రుసుము చెల్లించడం మంచిది.