ఫ్రాన్ బో, రస్టీ లేక్ హోటల్: ఏది ముందు ఆడాలి?

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఒడియా మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రాళ్లు సైకలాజికల్ హారర్ పజిల్ గేమ్ చెప్పమంటే నేను ఈ రెండే చెబుతాను. రెండూ 2015లో వచ్చాయి, ఫోన్‌లోనూ ఆడొచ్చు.

ఫ్రాన్ బో కథ 1944లో, ఒక మానసిక చికిత్సాలయంలో మొదలవుతుంది. అమ్మానాన్నల శవాలు చూసిన చిన్నపిల్ల అక్కడినుంచి తప్పించుకుని తన పిల్లి కోసం వెతకాలి. మాత్ర వేసుకోగానే అదే గది రక్తంతో, నీడలతో మారిపోతుంది. మామూలు చూపుకి అందని ఆధారం అప్పుడే కనిపిస్తుంది. అంటే భయపడకుండా పజిల్ విడదు! నాకు బాగా నచ్చింది ఇదే. పైగా ఆ పిల్ల మీద జాలి మనసును వదలదు. కానీ సంభాషణలు చాలా ఎక్కువ, ఇంగ్లీష్ ఓపిగ్గా చదవాలి. చివరికొచ్చేసరికి కథ కూడా చిక్కుపడుతుంది.

రస్టీ లేక్ హోటల్‌లో మాటలు తక్కువ. జంతువుల తలలున్న ఐదుగురు అతిథులు, ఐదు విందులు, ప్రతి విందుకీ ఒకరు బలి. గదులు చిన్నవి కాబట్టి కరెంటు పోయిన గంటలో ఒకటి ముగించొచ్చు. అయితే ఎవరి మీదా మమకారం పుట్టదు, కొన్నిచోట్ల తోచినట్టు నొక్కుతూ పోవడమే.

ఇంగ్లీష్ చదవగలిగితే ఫ్రాన్ బోనే ముందు ఆడండి. చిన్నపిల్లలకు మాత్రం రెండూ ఇవ్వొద్దు.