ఇంజిన్ ఆగితే ముందుకా, వెనక్కా?

ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం సెస్నా 172ఎస్‌లో టేకాఫ్ అయి 400 అడుగులు ఎక్కగానే ఇంజిన్ ఆగిపోయిందనుకోండి. వెనక రన్‌వే, ముందు పొలాలు. మనసు వెనక్కే లాగుతుంది.

కానీ 180 డిగ్రీలు తిరిగితే సరిపోదు. అప్పటికే పక్కకు జరిగిపోతాం, రన్‌వేకి సూటిగా రావాలంటే ఇంకా తిరగాలి. త్వరగా తిరుగుదామని విమానాన్ని పక్కకు 45 డిగ్రీలు వాలిస్తే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) దాదాపు 19 శాతం పెరుగుతుంది. అంత కింద స్టాల్ అయితే తేరుకునే ఎత్తే ఉండదు. పైగా టేకాఫ్ మామూలుగా ఎదురుగాలిలోకే చేస్తాం కాబట్టి, తిరిగాక గాలి వెనక నుంచి తోస్తుంటుంది, నేలను ఎక్కువ వేగంతో తాకుతాం.

ముందుకే దిగితే విమానం దెబ్బతినొచ్చు. అయినా ఎదురుగాలి వేగాన్ని తగ్గిస్తుంది, రెక్కలు సమంగా ఉంటాయి, మనుషులు బతికే అవకాశం ఎక్కువ. నా మొగ్గు ఇటే. వెంటనే ముక్కు దించాలి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దించకపోతే 70 నాట్ల వేగం పట్టుకోవాలి, ఎదురుగా కాస్త అటూ ఇటూ ఖాళీ చోటు వెతకాలి.

తగినంత ఎత్తుంటే వెనక్కి తిరగడమూ తప్పు కాదు. ఆ ఎత్తెంతో ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి, బాగా పైన సాధన చేసి తేల్చుకోండి. షాక్‌లో పోయే నాలుగైదు సెకన్లనూ లెక్కలో వేయండి. ప్రతి టేకాఫ్‌కి ముందు ఆ అంకెను పైకే చెప్పుకోండి.